శరణమ్మ మోసిన మాటలు

“అడుగు నీ కొడుకును. నేను చెప్పిన్నా, చెప్పలేదా?”

జంబన్న గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. ఆ గోడకే ఆనుకుని కొడుకు కూర్చుని ఉన్నాడు.

“అడుగమ్మా, ఎప్పుడు చెప్పిండో. ఏ దినం చెప్పిండో, ఏడ చెప్పిండో అడుగు,” అన్నాడు ప్రాణేశ్, కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని.

ఇద్దరి మధ్య బారెడు దూరం లేదు. అయినా ఇద్దరూ చూసింది వంటింటి గడప వైపు. అక్కడ జొన్నపిండి అంటిన చేతులతో శరణమ్మ నిలబడి ఉంది.

“పెనం మీద రొట్టె మాడుతున్నది,” అని ఆమె లోపలికి తిరిగింది.

పెనం మీద రొట్టె లేదు. అసలు పొయ్యే వెలిగించలేదు.

ప్రాణేశ్ బెంగళూరు కొలువు వదిలి వచ్చి, తండ్రి పనిచేసే రైసుమిల్లులోనే బాయిలర్ దగ్గర చేరిన నాటి నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఆ వేడీ, ఆ పొగా తనతోనే ఆఖరవ్వాలని, కొడుకు చల్లని గదిలో కుర్చీలో కూర్చోవాలని జంబన్న వయసంతా కోరుకున్నాడు. కొడుకేమో ఆ కుర్చీయే వద్దని వచ్చాడు. ఆ కోపంలో మాట ఆగిపోయింది. కానీ సంసారం ఆగదు కదా. “నీ కొడుక్కు చెప్పు” అని ఒకరు, “నాయినకు చెప్పమ్మా” అని ఇంకొకరు. ఈ పళ్లెం దగ్గర్నుంచి ఆ మంచం దగ్గరికి మాటలు మోసే పని శరణమ్మది అయింది.

మోసి మోసి ఆమెకు అది అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే కాస్త గర్వం కూడా ఉండేది. తను లేకపోతే ఈ ఇంట్లో ఏనాడో రెండు పొయ్యిలు రాజేవని ఇరుగుపొరుగుతో అనేది. వాళ్లూ ఔననేవారు.

నిన్న పొద్దున ఆ మోతే మిల్లులో ఒక మనిషి కాళ్లు కాల్చింది. కాలింది ఆ మాటల మోతవల్లనని బయట ఇంకా ఎవరికీ తెలియదు.

ఉప్పుడు బియ్యానికి వడ్లను వేడినీళ్ల ట్యాంకుల్లో నానబెడతారు. నానాక నీళ్లన్నీ కింది గొట్టం గుండా వదిలేసి, అప్పుడు తలుపు తీసి వడ్లు దించుతారు. నిన్న మూడో ట్యాంకు గొట్టంలోంచి నీళ్లు కారడం ఆగింది. అయిపోయాయనుకుని ప్రాణేశ్ “తియ్యి” అని చేయి ఊపాడు. హనుమంత తలుపు గడియ లాగాడు. లోపల సగం నీళ్లు అలాగే ఉన్నాయి. పొగలు కక్కే నీళ్లు వడ్లతో సహా హనుమంత మోకాళ్ల మీద పడ్డాయి. అతన్ని ఇవతలికి లాగబోయి ప్రాణేశ్ చెయ్యి కాల్చుకున్నాడు.

హనుమంతది ఇడపనూరు. మంచివాడు, నవ్వుముఖం. పోయిన నాగపంచమికి ఈ ఇంటికే వచ్చి, శరణమ్మ కట్టిన పల్లీ ఉండలు రెండు తిని, పిల్లలకని నాలుగు మూట కట్టించుకుని పోయాడు. ఇప్పుడు దవాఖానలో దుప్పటి తగిలినా అరుస్తున్నాడు.

మూడో ట్యాంకు గొట్టం నోటి దగ్గర ఇనుప వలలాంటి జాలీ ఉంది. తాలూ పొట్టూ చేరి అది పూడుకుపోతుంది. నీళ్లు ఆగాయంటే అయిపోయాయని కాదు, ఇనుప సీకుతో పొడిచి చూడాలి. ఈ సంగతి చెప్పానని జంబన్న అంటాడు. చెప్పలేదని ప్రాణేశ్ అంటాడు. ఇద్దరూ ఒట్టు పెట్టి మరీ అంటున్నారు.

ఇద్దరిలో ఒక్కరైనా అబద్ధమాడుతుంటే బాగుండేదని శరణమ్మకు అనిపించింది.

“అత్తా, పొయ్యి అంటియ్యనా?” అంది కోడలు సహన, ఉల్లిగడ్డ తరుగుతూ.

“వద్దు.”

“మేడమ్ వస్తుందట. ఇప్పుడే ఫోన్ చేసింది.”

శరణమ్మ చేతిలోని పిండిముద్ద అలాగే ఉండిపోయింది. “ఎందుకట?”

“తప్పు ఎవరిదో తెలుసుకుంటదట. పెద్దాయన ఖరాకండిగ చెప్పిండంట. మామ చెప్పకపోయింటే మామ ఈ దినమే ఇంటికి. చెప్పినా ఈయన ఇనకపోయింటే ఈయన ఇంటికి. మళ్ల ఆ గేటు తొక్కేది లేదంట.”

పెద్దాయన అంటే బాపయ్య. కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి మాన్వి పక్క వలస రైతుల క్యాంపులో వరి వేసి, తర్వాత యరమరస్ దారిలో మిల్లు కట్టిన మనిషి. మేడమ్ అంటే ఆయన కోడలు శివపార్వతి. మిల్లు ఇప్పుడు ఆమె నడుపుతోంది. పాతవాళ్లంతా ఒక్కొక్కరే దిగిపోయే వయసుకు వచ్చారని, వాళ్ల చేతిలో ఉన్న పని వాళ్లతోనే వెళ్లిపోకూడదని, ఒక్కో పాత మనిషికి ఒక్కో కొత్త మనిషిని జోడీ కట్టింది ఆమే. కాటా దగ్గర, డ్రయ్యర్ దగ్గర జోడీలు బాగానే కుదిరాయి. డ్రయ్యర్ పరశురామ్‌కు ఇచ్చిన కుర్రవాడితో రోజూ పోట్లాటే, అయినా పని నేర్పాడు. జంబన్నకు మాత్రం వేరే ఎవరినో వెతకడమెందుకని ఆయన కొడుకునే ఇచ్చింది. అన్నిటికన్నా తేలిక జోడీ ఇదేనని ఆమె అనుకుంది. మిల్లులో అందరూ అదే అనుకున్నారు.

జంబన్న దిగిపోయే రోజు ఈ వారంలోనే. ఆ మిల్లులో బాయిలర్ మేస్త్రీ దిగిపోతే, అతను ఆఖరుసారి ఉడికించిన వడ్లనే మర ఆడించి, ఆ బియ్యంతో మిల్లులోనే వంట చేస్తారు. అందరూ ఒకే బంతిలో కూర్చుంటారు. బాపయ్య తన చేత్తో మొదటి ముద్ద మేస్త్రీ విస్తట్లో వేస్తాడు. పక్కన భార్య కూర్చుంటుంది. పోయిన వారమే జంబన్న, ఎన్నడూ అలాంటి మాట అనని మనిషి, “ఆ నీలం చీర కట్టుకుంటవా ఆ దినం?” అని అడిగాడు. శరణమ్మ ఆ చీర పెట్టెలోంచి తీసి, ఇస్త్రీకి ఇచ్చి తెచ్చుకుంది కూడా.

గడప దగ్గర దగ్గు వినిపించింది. జంబన్న. కోడలు ఉందని లోపలికి రాలేదు. సహన అర్థం చేసుకుని పెరట్లోకి వెళ్లింది.

“నువ్వు పరేషాన్ కాకు,” అన్నాడు జంబన్న మెల్లగా. “నేను చెప్పిన మాట నువ్వు వాని చెవిల ఏసే ఉంటవు. వాడే ఇనలే. మేడమ్ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ మాట మీద నాకు అనుమానం లేదు.”

ఆమె తల ఊపింది. ఊపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆయన అటు వెళ్లాడో లేదో ప్రాణేశ్ వచ్చాడు. ఎడమచేత్తో కుండలోంచి నీళ్లు ముంచుకోబోయి ఒలకబోసుకున్నాడు. ఆమె అందుకుని తాగించింది.

“అమ్మా, నువ్వు అబద్ధం ఆడవు. నాయిన నీకు చెప్పింటే నువ్వు నాకు చెప్పకుంట ఉంటవా? మేడమ్‌కు గదే చెప్పు. నాకు కొలువు కోసం కాదమ్మా. హనుమంతన్న నన్ను నమ్మి గడియ గుంజిండు. నేను తెల్సి తెల్సి చేసినననుకుంటే నేను బతికి ఏం ఫాయిద?”

ఈ మాటకూ ఆమె తల ఊపింది.

కొడుకు వెళ్లాక గోడకు చేరబడింది. ఆ సాయంత్రం కళ్లముందుకు వచ్చింది.

వానలు మొదలైన కొత్త. జంబన్న బువ్వ కలుపుకుంటూ అన్నాడు. “నీ కొడుక్కు చెప్పు. మూడో దాంట్ల నీళ్లు ఆగినయంటే అయిపోయినయని కాదు. జాలీ పూడుకుంటది. సీకుతోని పొడవకుంట తలుపు ముట్టిండంటే ఒళ్లు ఉడికిపోతది. గాడ్దికొడుకు, చూసేది లేదు, అడిగేది లేదు. కుర్సీ ఇడిసిపెట్టి ఈడ సావనీకె వచ్చిండు. వాని మొఖానికి బాయిలర్ ఒకటి తక్కువైంది.”

ఆ మాటలన్నీ పట్టుకుని ఆమె పక్కగదిలోకి వెళ్లింది. ప్రాణేశ్ పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. ముందటి రోజు ఇలాంటి మాటే మోస్తే పళ్లెం నెట్టేసి లేచిపోయాడు. ఈరోజు సహన ఏదో చెబుతోంది, వాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చెడగొట్టడానికి శరణమ్మకు మనసు రాలేదు.

“నాయిన చెప్పమన్నడు బిడ్డా. మూడో ట్యాంకు కాడ జర పైలమంట. నువ్వంటే పానం ఆయనకు.”

“పైలం అంటే ఏం పైలం?”

“గంతే అన్నడు. తిను, సల్లగైతది.”

బియ్యంలో రాళ్లు ఏరినట్టు తిట్లు ఏరి పారేశాననుకుంది. ఆ రాళ్లతో పాటు జాలీ పోయింది, సీకూ పోయింది, పైలమన్న ఒట్టి జాగ్రత్త మాటే మిగిలింది. ఆమె ఏనాడూ మిల్లు లోపలికి వెళ్లలేదు. జాలీ అంటే ఏమిటో, సీకుతో దేన్ని పొడవాలో ఆమెకు తెలియదు. తిట్టెంతో, పనిమాటెంతో విడదీయడం ఆమెకు చేతకాలేదు.

అది ఒక్కసారే అయితే మనసును ఎలాగో సముదాయించుకునేది. కొన్ని రోజులకు ప్రాణేశ్ అన్నాడు. “నాయినను అడుగమ్మా. మూడోది నాకు సమజైతలేదు. ఒక్కసారి పక్కన నిలబడి చూపియ్యమను. నాకు భయమైతున్నదని చెప్పు.”

భయమనే మాట జంబన్న దగ్గరికి ఎలా మోస్తుంది? ‘ఎందుకొచ్చిండు మరి’ అని మొదలుపెడతాడు. ఇల్లంతా లేస్తుంది. అందుకని ఆమె భర్త దగ్గరికి వెళ్లి, “అంత సమజైందట వానికి. నాయిన చేతిల ఏం పనితనముందమ్మా అంటుండు,” అంది.

జంబన్న ఇంకో రొట్టె అడిగి వేయించుకున్నాడు. మర్నాటి నుంచి ట్యాంకులన్నీ కొడుకుకు వదిలేసి, తను బాయిలర్ మంట దగ్గరే ఉండిపోయాడు. వాడికి అన్నీ వచ్చేశాయని నమ్మాడు పాపం.

“అత్తా.”

సహన ఎప్పుడు వచ్చిందో, పెరటి తలుపు దగ్గర నిలబడి ఉంది.

“ఆ దినం మామ అన్నది నేను గూడ విన్న. చెంబు తీస్కొని పోతుంటి. జాలీ అన్నడు, సీకు అన్నడు. మీరు ఈయనకు చెప్పింది గూడ విన్న.”

శరణమ్మ కోడలి వైపు తిరిగింది. “మరి నువ్వన్న చెప్పకపోతివి?” అంది.

“మీరు ఒక తీరు చెప్పినంక నేను ఇంకో తీరు ఎట్ల చెప్పాలె? మీరు ఇట్ల చేసేది నాకు నచ్చేది అత్తా. మా తల్లిగారింట్ల ఇట్ల నడుమ ఎవరన్న ఉంటే బాగుండు అనుకునేదాన్ని.” సహన కళ్లు తుడుచుకుంది. “మీరు చెప్పకుంటే నేనూ చెప్పను. నా నోటెంబడి రాదు.”

ధైర్యమిద్దామనే ఆ పిల్ల అంది. శరణమ్మకు మాత్రం ఆ మాటే భయం పుట్టించింది.

బయట కారు ఆగింది.

శివపార్వతి చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చాయ్ వద్దంది. దవాఖాన నుంచే వస్తున్నట్టుంది, చీర నలిగిపోయి ఉంది.

“జంబన్నగారూ, నేనేదో పంచాయితీ పెట్టడానికి రాలేదండీ. హనుమంత భార్య నన్నొక్కటే అడిగింది. మా ఆయన కాళ్లు ఎవరివల్ల కాలినయమ్మా అని. తెలీదు అని చెప్పడానికి నోరు రాలేదండీ. కనుక్కుని వస్తానని చెప్పి లేచొచ్చాను.”

“నేను చెప్పినమ్మా,” అన్నాడు జంబన్న.

“నాకు చెప్పలేదు మేడమ్,” అన్నాడు ప్రాణేశ్.

“చెప్పిన. వాని తల్లిని అడుగుండ్రి.”

“చెప్పలే. మా అమ్మను అడగండి మేడమ్.”

శివపార్వతి ఆయన వైపూ ఇతని వైపూ చూసింది. “మధ్యలో ఆవిడెందుకండీ? మీరిద్దరే కదా పక్కపక్కన పనిచేసేది?”

జంబన్న తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ప్రాణేశ్ చేతికట్టు వైపు చూసుకున్నాడు.

“ఏమయ్యా ప్రాణేశ్, మీరిద్దరూ అసలు మాట్లాడుకోరా?”

“లేదు మేడమ్.”

“ఎప్పట్నించి?”

“నేను చేరినప్పటి సంది.”

శివపార్వతి ఈ సంగతి ఇప్పుడే వింటోంది. మిల్లు హోరులో మనిషికి మనిషి మాట వినిపించదు. అక్కడ అందరిదీ చేతిసైగల పనే. ఈ ఇద్దరి మధ్య మాట లేదని పట్టుకోవడం ఎవరి తరం? రోజూ ఆ పక్కగా వెళుతూ తండ్రీకొడుకులు ఒక్కచోట పనిచేయడం చూసి ఆమె మురిసిపోయేది. బాపయ్యను పిలిచి చూపించింది కూడా.

“మరి పనెలా నేర్చుకున్నావు?”

“చూసి నేర్చుకున్న. చూస్తే సమజ్ కానిది ఇంటికొచ్చినంక అమ్మ చెప్తది.”

ఇప్పుడు ముగ్గురూ శరణమ్మ వైపు చూశారు. సహన మాత్రం నేల చూస్తోంది.

శరణమ్మ మనసులో లెక్క వేసుకుంది. ఒక మాట చాలు. జంబన్న ఎలాగూ ఈ వారంలో దిగిపోయేవాడు. వయసైంది, మరిచిపోయాడంటే లోకం జాలి పడుతుంది తప్ప తిట్టదు. కొడుకు కొలువు నిలబడుతుంది. బంతిభోజనం ఒక్కటే పోతుంది. ఎవరికీ ఎక్కువ నొప్పి లేకుండా సర్దేయడం ఆమెకు చేతనైన పనే.

“ఆయనకు ఈ నడుమ... జర మతిమరుపు మేడమ్,” అంది. “చెప్పిన చెప్పిన అంటడు గానీ...”

జంబన్న తలెత్తి భార్యను చూశాడు. కోపంగా చూస్తే ఆమెకు తేలికయ్యేది. దారి తప్పిన చిన్నపిల్లవాడిలా చూశాడు.

“గట్లనా?” అన్నాడు. ఆలోచించాడు. “ఏమో. ఈమె చెప్తుందంటే అట్లనే అయ్యుంటది. చెప్పిననుకుంటినమ్మా. బువ్వ తినుకుంట చెప్పినట్టు నాకు యాదికున్నది. యాదిల అనుకున్నదే చెప్పిననుకున్ననేమో.” తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “ఇంతకాలం ఆ మంట కాడ ఒక్క మనిషికి గీత పడనియ్యలే. ఆఖర్ల ఇట్లయ్యింది. తప్పు నాదే అని ఆ బిడ్డకు చెప్పుండ్రి. నేను రేపటి సంది రాను.”

అది శరణమ్మ తట్టుకోలేకపోయింది. తిట్టే జంబన్నను భరించింది, అలిగే జంబన్నను భరించింది. తన మాట మీద నమ్మకంతో తన జ్ఞాపకాన్నే అనుమానించుకునే జంబన్నను చూడలేకపోయింది.

“నువ్వు చెప్పినవు,” అంది.

“ఏంది?”

“నువ్వు చెప్పినవు. బువ్వ తినుకుంటనే చెప్పినవు. జాలీ అన్నవు, సీకు అన్నవు, ఒళ్లు ఉడికిపోతది అన్నవు. నేనే మోసుకపోలే. నువ్వు తిట్టిన తిట్లతోని అవి గూడ ఈడనే పారేసిపోయిన. వాడు తింటుండె, నవ్వుతుండె. పైలమని ఒక్క మాట చెప్పి ఊకున్న.”

బయట తోపుడుబండి వాడు ఉల్లిగడ్డ అని అరుచుకుంటూ పోయాడు.

“అమ్మా,” అన్నాడు ప్రాణేశ్. “మరి నేను చెప్పమన్నది? భయమైతున్నదని, పక్కన నిలబడమను అని?”

“గది గూడ చెప్పలే బిడ్డా. అంత సమజైందట అని చెప్పిన.”

జంబన్న లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.

“భయమైతున్నదన్నడా వాడు?” భార్యనే అడిగాడు.

“అన్నడు.”

“నిలబడుతుంటిని కదనే,” అన్నాడు. ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. “ఒక్క మాట నా చెవిల ఏసింటే పొద్దంత పక్కన నిలబడుతుంటిని కద. తిడుతుంటి, కొడుతుంటి, అయినా నిలబడుతుంటి. నా కొడుకు భయమంటే నేను నిలబడనా?”

శరణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత శివపార్వతి వైపు తిరిగింది.

“హనుమంత ఇంటామెకు నేనే చెప్త మేడమ్. నన్ను తోల్కపోండ్రి. ఆ బిడ్డ నన్నేమన్నా అననియ్యుండ్రి.”

“ఇవాళొద్దక్కా,” అంది శివపార్వతి. “ఆవిడ వినే స్థితిలో లేదు. హనుమంత కాళ్లు ఎలా ఉంటాయో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. మీరు చెప్పి మనసు తేలిక చేసుకుని వస్తారు. ఆవిడకేం తేలికవుతుంది?”

ఆ మాట గట్టిగా తగిలింది. తగలాల్సిందేనని శరణమ్మ అనుకుంది.

శివపార్వతి లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“పరాయి కుర్రాణ్ణి పక్కనెట్టుంటే కేకలేసైనా నేర్పేవోరు మీరు. కన్నకొడుకు కదా, మనసుపెట్టి నేర్పుతారనుకున్నాను. ఇంటికొచ్చి ఒక్కసారి మీతో కూర్చుని అడిగుంటే తెలిసేదండీ. అడగలేదు. ఆ తొందర తప్పు నాది.” చెప్పులు వేసుకుంది. “మామయ్యగారికి ఉన్నదున్నట్టే చెప్తాను. ఆయనేమంటారో నాకు తెలీదు. భోజనం సంగతి కూడా ఇప్పుడేం చెప్పలేను.”

కారు వెళ్లిపోయింది. శరణమ్మ వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. పెట్టె మీద నీలం చీర మడత అలాగే ఉంది. దాన్ని చూడకుండా ముఖం తిప్పుకుంది.

పక్కగదిలోంచి జంబన్న గొంతు వినిపించింది.

“సీకు ఏడుంటదో ఎరికేనా నీకు?”

శరణమ్మ గోడ వైపు తిరిగింది. ఎవరితో అంటున్నాడు?

“ఎరికలే,” అన్నాడు ప్రాణేశ్.

“బాయిలర్ ఎనక. గోడకు మేకుంటది, దానికి తగిలిచ్చిన. మొన మీద పొట్టు అంటుకొని వస్తే జాలీ పూడినట్టు. తడి ఒక్కటే వస్తే నీళ్లు అయిపోయినట్టు.”

“వంకరగ పెట్టి పొడవాల్నా, సీదగనా?”

“సీదగ పొడిస్తే జాలీ చినుగుతది. పక్కకెల్లి పొడవాలె. ఇట్ల.” మంచం కిర్రుమంది. “ఈ చెయ్యి కాదు, ఆ చెయ్యి చూపు. ఇట్ల పట్టు.”

“మరి మొదటి దానికి గూడ గిట్లనేనా?”

“అది మంచిదే. దాంతోని తకరారు లేదు. మూడోదే లుచ్చాది.”

ప్రాణేశ్ నవ్వినట్టున్నాడు. వెంటనే ఆపేసుకున్నాడు. హనుమంత గుర్తొచ్చి ఉంటాడు.

ఈ రోజు కోసం శరణమ్మ మొక్కని దేవుడు లేడు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకుంటే చాలని ఎన్ని శనివారాలు ఒంటిపూట ఉందో. ఇదిగో, మాట్లాడుకుంటున్నారు. ఒక మనిషి కాళ్లు కాలాక మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ఆమె అక్కర ఎవరికీ లేదు. లేచి వెళ్లి గడపలో నిలబడాలనిపించింది కానీ పొయ్యి ముందే ఉండిపోయింది.

“సహనా,” అని పిలిచాడు జంబన్న.

“ఏంది మామా?” సహన పెరట్లోంచి ఆ గదిలోకి వెళ్లింది.

“మీ అత్తకు చెప్పు. ఈ దినం సంది ఆమె నాకు వడ్డించేది వద్దు, పోసేది వద్దు. ఆమె నోట్లకెల్లి వచ్చిన మాట ఏదీ నేను నమ్మ. నా ఎదురుంగ నిలబడొద్దని చెప్పు. నీళ్లు నువ్వే తే.”

మధ్యలో ఉన్నది ఇటుక గోడ ఒక్కటే. ప్రతి మాటా శరణమ్మకు వినబడింది.

సహన వంటింట్లోకి వచ్చింది. చెంబు తీసుకుంది. కుండ మూత తీసింది. అత్త వైపు చూడలేదు.

“ఏమంటుండు?” అని అడిగింది శరణమ్మ.

సహన చెంబు ముంచింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముఖం అంతా మెత్తగా చేసుకుని ఇటు తిరిగింది.

“ఏం లేదత్తా. పొద్దుగాల నుంచి మీరు ఏం తినలేదట. జర పండుకోమన్నడు. నీళ్లు నేను తీస్కపోత.”

ఆ ఆగడం ఎలాంటిదో శరణమ్మకు తెలుసు. ఏ మాట ఉంచాలో, ఏ మాట తీసేయాలో వెతుక్కునే క్షణం అది. ఈ ఇంట్లో అది ఆమెకు తప్ప ఎవరికీ రాదనుకుంది. పక్కన నిలబెట్టుకుని నేర్పలేదు. అయినా పిల్ల పొల్లుపోకుండా నేర్చుకుంది.

శరణమ్మ లేచి కోడలి చేతిలోని చెంబు పట్టుకుంది.

“నేను విన్న బిడ్డా. అయినా నువ్వు చెప్పు. ఆయన ఎట్లన్నడో అట్లనే. ఒక్క మాట గూడ తియ్యకు.”

సహన కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంబు లాక్కోబోయింది.

“నీళ్లు తెస్తున్నవా లేదా?” అని గదిలోంచి జంబన్న కేకేశాడు.

చెంబు ఇద్దరి చేతుల్లోనూ ఉంది. శరణమ్మ వదల్లేదు.

“చెప్పు,” అంది మళ్లీ.